నేల పేరు, నాలుక తీర్పు: ఫ్రాన్సు సీమ వైన్లను రుచి చూడవలసిన తీరు

వ్యవసాయ కళాశాలలో మొదటి సంవత్సరం చదివే విద్యార్థికి కూడా బోర్డో మిశ్రమం తెలుసు. మైలుతుత్తం, సున్నం కలిపి ఒక శాతం ద్రావణం తయారుచేయడం, అందులో ఇనుప చాకును ముంచి రాగి పూత పడుతున్నదేమో చూడటం ప్రయోగశాలలో నేర్చే తొలి పాఠాలలో ఒకటి. ఫ్రాన్సులోని మెడాక్ ప్రాంతంలో దారి పక్క ద్రాక్షతీగల మీద దొంగలను బెదరగొట్టడానికి చల్లిన నీలి పూత, ఆ ఆకులను బూజు తెగులు నుంచి కూడా కాపాడినదని మిల్లార్డే గమనించి 1885లో ప్రకటించిన సంగతిని మనం పరీక్షలలో రాస్తూనే ఉన్నాము. కాని ఆ మందు ఏ పంట కోసం పుట్టినదో, ఆ పంట నుంచి తయారైన పదార్థం విలువను అక్కడి రైతులు, శాస్త్రవేత్తలు ఎట్లా నిర్ణయించుకున్నారో మన పాఠ్యాంశాలలో కనిపించదు. ఆ లోటులో ఒక చిన్న భాగాన్ని పూరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఇక్కడ చర్చించదలచినది బోర్డో, బుర్గుండీ వంటి ప్రఖ్యాత వైన్లను గురించి కాదు. ఫ్రెంచి వారు ‘వాన్ ద పేయీ’ అని పిలిచిన సామాన్యమైన ప్రాంతీయ వైన్లను గురించి. ‘పేయీ’ అన్న మాటకు దేశం అన్న అర్థం ఉన్నప్పటికీ, రైతు నోట అది తన ఊరి చుట్టుపట్ల నేల. కోనసీమ, పలనాటి సీమ అన్నప్పుడు మనం వాడే ‘సీమ’ దానికి చాలా దగ్గర. పాత వాడుకలో సీమ సరుకు అంటే విదేశీ సరుకు అన్న అర్థం కూడా ఉన్నది కాబట్టి ముందే చెప్పుకోవాలి: ఈ వ్యాసంలో ‘సీమ వైన్’ అంటే రైతు సొంత నేల వైన్ అని మాత్రమే.

ఈ వైన్లను ప్రఖ్యాత వైన్లకు చవక నకళ్లుగా చూడటం పొరపాటని ఈ వ్యాసకర్త అభిప్రాయం. అవి ఒక వ్యవసాయ సంక్షోభానికి వెదకిన సమాధానం. వాటిని ఆ విధంగా రుచి చూసినప్పుడే అవి అర్థమవుతాయి. అట్లా అర్థం చేసుకున్న విస్తరణ శాస్త్రవేత్తకు తన జిల్లాలోని మామిడి, మిరప, కంది వంటి పంటల విషయంలో కూడా కొన్ని ప్రశ్నలు తప్పక ఎదురవుతాయి.

సంక్షోభం నుంచి పుట్టిన వర్గం

దక్షిణ ఫ్రాన్సులోని లాంగ్‌డాక్ ప్రాంతానికి పందొమ్మిదవ శతాబ్దం మధ్యలో రైలు మార్గం వచ్చినది. ఉత్తరాన ఉన్న పారిశ్రామిక నగరాలలోని కార్మికులకు చవకగా వైన్ పంపే అవకాశం కలిగినది. ఇంతలో 1860లలో అమెరికా నుంచి వచ్చిన ఫిలాక్సెరా అనే వేరు పురుగు తోటలను ఎండబెట్టినది. మోంపెలియేకు చెందిన ప్లాంషాన్ తదితరులు 1868లో దానిని గుర్తించారు. అమెరికా అడవి ద్రాక్ష జాతుల వేరుమూలాలపై ఐరోపా రకాలను అంటుకట్టడమే దీనికి శాశ్వత పరిష్కారమైనది. మన దేశంలో చౌడును, నీటి ఎద్దడిని తట్టుకోవడానికి ద్రాక్ష రైతులు వాడుతున్న డాగ్‌రిడ్జ్ వేరుమూలం కూడా టెక్సాస్ అడవి ద్రాక్ష నుంచి ఎంపికైనదే.

తోటలను తిరిగి నాటినప్పుడు లాంగ్‌డాక్ రైతులు కొండవాలు వదలి మైదానాలకు దిగారు. అధిక దిగుబడినిచ్చే ఆరమాన్ అనే రకాన్ని విస్తారంగా వేశారు. సారవంతమైన నేలలో అది హెక్టారుకు 200 హెక్టోలీటర్లకు పైగా, అంటే ఎకరానికి దాదాపు 8,000 లీటర్ల వైన్ ఇచ్చేది. అయితే ఆ వైన్ పలుచన, రంగు తక్కువ, ఆల్కహాలు తక్కువ. రంగు కోసం బూషే కుటుంబం సంకరం చేసిన అలికాంతే బూషే వంటి ఎర్రగుజ్జు రకాలను, అల్జీరియా నుంచి దిగుమతి చేసుకున్న చిక్కని వైన్లను కలిపేవారు. పంచదార, నీరు కలిపి పులియబెట్టిన నకిలీ సరుకు కూడా విపణిలోకి వచ్చినది. ధర పడిపోయినది. 1907 జూన్ 9న మోంపెలియేలో అయిదు లక్షలకు పైగా జనం వీధులలోకి వచ్చారు. అదే నెలలో నార్బొన్‌లో సైనికుల కాల్పులకు ప్రాణాలు పోయాయి. జూన్ 29న వచ్చిన చట్టం రైతు తన పంట పరిమాణాన్ని ప్రకటించడాన్ని తప్పనిసరి చేసి, పంచదార వాడకంపై పన్ను పెంచినది.

నేల పేరుకు చట్టబద్ధమైన రక్షణ కావాలన్న ఆలోచన ఇటువంటి మోసాల నుంచి బలపడినది. 1935లో నియంత్రిత మూల నామ విధానం, అంటే ఏఓసీ, ఏర్పడినది. పేరున్న ప్రాంతాలకు అది కవచమైనది. కాని లాంగ్‌డాక్ మైదానాలలోని లక్షల హెక్టార్లకు అందులో చోటు లేదు. వారి సరుకు ‘బల్ల వైన్’ అన్న ఊరూ పేరూ లేని వర్గంలో మిగిలిపోయినది. ఫ్రాన్సులో సామాన్య వైన్ వాడకం తగ్గిపోతున్న కాలమది. 1960 ప్రాంతంలో ఏడాదికి సగటున మనిషికి 100 లీటర్లకు పైగా ఉన్న వినియోగం నేడు అందులో సగం కూడా లేదు. 1976 మార్చిలో మోంర్‌దోన్ అనే చోట రైతులకు, పోలీసులకు మధ్య జరిగిన కాల్పులలో ఒక రైతు, ఒక పోలీసు అధికారి మరణించారు.

సీమ వైన్ వర్గం ఈ నేపథ్యంలో రూపుదిద్దుకున్నది. 1960ల చివరలో మొదలై, 1973, 1979 సంవత్సరాల ఉత్తర్వులతో స్థిరపడినది. పెద్ద ప్రాంతం పేరుతోనో, జిల్లా పేరుతోనో, ఒక చిన్న లోయ పేరుతోనో వైన్‌ను అమ్ముకొనే వీలు రైతుకు కలిగినది. అందుకు ప్రతిగా రకాలపై, దిగుబడిపై పరిమితులు వచ్చాయి. అన్నిటికన్నా ముఖ్యంగా, ప్రయోగశాల విశ్లేషణతోపాటు రుచి పరీక్షా సంఘం ఆమోదం కూడా అవసరమైనది. 2009లో ఐరోపా సంస్కరణలతో ఈ వర్గం ఐజీపీ, అంటే రక్షిత భౌగోళిక సూచిక, అయినది. ఒకప్పుడు 150కి పైగా ఉన్న పేర్లు ఇప్పుడు సుమారు 75.

సీసా మీది ఊరి పేరుకు, సంఘం ముందు గ్లాసులోని రుచికి ముడివేయడమే ఈ చరిత్రలో మనం గమనించవలసిన అంశం.

ఏ కొలబద్దతో కొలవాలి?

సీమ వైన్‌ను బోర్డో కొలబద్దతో కొలిచేవారు దానిలో లేనిదానిని వెదకుతారు. ఆ నేల, ఆ రకం, ఆ రైతు ఎదుర్కొన్న సమస్య తెలిసినవారు అందులో ఉన్నదానిని పట్టుకుంటారు. మూడు ఉదాహరణలు చూద్దాము.

మొదటిది నైరుతి ఫ్రాన్సులోని గాస్కోన్. ఇది అర్మాన్యాక్ అనే బట్టీ సారాయికి పేరుపొందిన సీమ. దానికోసం పెంచే యూని బ్లాంక్, కొలొంబార్ రకాలలో చక్కెర తక్కువ, పులుపు ఎక్కువ. బట్టీ పెట్టడానికి అది గుణమే. అర్మాన్యాక్ గిరాకీ తగ్గినప్పుడు 1980లలో గ్రాసా కుటుంబం వంటి కొందరు రైతులు అదే తోటల నుంచి తాజా తెల్ల వైన్ తీయడం మొదలుపెట్టారు. చల్లని వేళ కోత, గాలి తగలకుండా రసం తీయడం, తక్కువ ఉష్ణోగ్రత వద్ద పులియబెట్టడం అందుకు తోడ్పడ్డాయి. బట్టీకి పనికివచ్చిన పులుపే ఇక్కడ తాజాదనమైనది. ఈ వైన్‌ను ఏళ్ల తరబడి దాచడానికి చేయలేదు. ‘నిలవ గుణం లేదు’ అని దానిని తప్పుపట్టడం, ఆవకాయకు పనికిరాదని బంగినపల్లి పండును తప్పుపట్టడం వంటిది.

రెండవది కారిన్యాన్ అనే ఎర్ర రకం. అధిక దిగుబడి తీసినప్పుడు దాని వైన్ వగరుగా, మొరటుగా ఉంటుంది. అందువల్ల దానిని పీకివేయాలన్న ప్రచారం సాగినది. ప్రోత్సాహకాలు ఇచ్చి ఎన్నో తోటలను తొలగించారు. అయితే నార్బొన్ పరిశోధనా కేంద్రంలో మిషెల్ ఫ్లాంజీ 1934 నుంచి అధ్యయనం చేసిన ఒక పద్ధతి ఈ రకానికి ఎంతో మేలు చేసినది. గుత్తులను నలపకుండా బొగ్గుపులుసు వాయువు నిండిన తొట్టిలో ఉంచితే, పండు లోపలనే కొంత కిణ్వనం జరిగి, వగరు తక్కువగా, పండు వాసన ఎక్కువగా ఉన్న వైన్ వస్తుంది. రూసియోన్ ప్రాంతపు పలకరాతి కొండలలోని ముసలి కారిన్యాన్ తోటల నుంచి, తక్కువ దిగుబడితో, ‘కోట్ కతలాన్’ పేరున నేడు వస్తున్న వైన్లను రుచి చూసినవారు ఆ రకాన్ని ఎందుకు నిందించారా అని ఆశ్చర్యపడతారు. లోపం రకంలో ఉన్నదా, యాజమాన్యంలో ఉన్నదా అన్న ప్రశ్న అడగకముందే తోటను పీకించడం ఎంత నష్టమో ఈ ఉదాహరణ చెబుతుంది.

మూడవది ఎరో జిల్లాలోని ఆన్యాన్ గ్రామం దగ్గరి మాస్ ద దోమా గసాక్ తోట. బోర్డోకు చెందిన భూగోళ శాస్త్రవేత్త ఆంజల్బేర్ అక్కడి నేలను పరిశీలించి, అది మేలైన వైన్‌కు అనువైనదని చెప్పాడు. యజమాని ఎమే గిబేర్ 1978లో తొలి వైన్ తీసినప్పుడు సుప్రసిద్ధ వైన్ శాస్త్రవేత్త ఎమిల్ పేనో సలహాలిచ్చాడు. ఆ తోటలో ప్రధానమైన కాబర్నే సావిన్యోన్ ఆ ప్రాంతపు ఏఓసీ నిబంధనలలో ఇమడలేదు. కనుక అది తక్కువ వర్గం పేరుతోనే అమ్ముడుపోయి, ఎక్కువ వర్గం ధర పలికినది. వర్గం వేరు, నాణ్యత వేరు అనడానికి ఇంతకన్నా స్పష్టమైన సాక్ష్యం అక్కరలేదు.

రుచి చూసే పద్ధతి

వైన్ రుచి పరీక్ష తాగడం కాదు. పరీక్షకులు ఒక గుక్కను నోటిలో తిప్పి ఉమ్మివేస్తారు. 1977లో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ నిర్దేశించిన గ్లాసు 215 మిల్లీలీటర్లు పడుతుంది. అందులో 50 మిల్లీలీటర్లు మాత్రమే పోస్తారు. మిగిలిన ఖాళీ వాసన నిలవడానికి.

మొదట కంటితో రంగు, తేటదనం చూడాలి. తరువాత గ్లాసును కదపకుండా ఒకసారి, కదిపి ఒకసారి వాసన చూడాలి. ఆపైన నోటిలో పులుపు, తీపి, వగరు, ఆల్కహాలు వేడి ఏ పాళ్లలో ఉన్నాయో, ఉమ్మివేసిన తరువాత రుచి ఎంతసేపు నిలిచినదో గమనించాలి. ఉష్ణోగ్రత ముఖ్యం. తేలికపాటి తెల్ల వైన్‌ను 8 నుంచి 12 డిగ్రీల వద్ద, ఎర్ర వైన్‌ను 15 నుంచి 17 డిగ్రీల వద్ద చూస్తారు. మన వేసవిలో గది ఉష్ణోగ్రత వద్ద ఉంచితే ఆల్కహాలు ఘాటు తప్ప మరేమీ తెలియదు.

వర్ణించడానికి పరాయి పండ్ల పేర్లు కంఠస్థం చేయనవసరం లేదు. మన వంటింటి జ్ఞాపకాలు చాలు. కొలొంబార్ వైన్‌లో ముఖ్యమైన గంధక సమ్మేళనాలలో ఒకటి జామపండులోనూ ఉన్నది. సిరా రకంలోని మిరియాల వాసనకు కారణమైన రొటండోన్ అచ్చంగా మిరియాలలో ఉన్న పదార్థమే. మస్కట్ ద్రాక్షకు సువాసననిచ్చే లినలూల్ ధనియాల నూనెలో ప్రధానాంశం. ఇక ఎర్ర వైన్‌లోని టానిన్లు లాలాజలంలోని ప్రోటీన్లతో కలిసి నాలుకను పట్టివేసే గుణానికి షడ్రుచులలో ఒకటిగా మన భాష ఎప్పుడో పేరు పెట్టినది, వగరు అని. నేరేడు పండు తిన్న ప్రతి పిల్లవాడికీ అది తెలుసు. అయితే ఒక జాగ్రత్త అవసరం. తొలకరి వాన పడినప్పటి మట్టి వాసన మనకు ఇష్టమైనదే కాని, అదే జియోస్మిన్ వైన్‌లో కనిపిస్తే కుళ్లు సోకిన గుత్తులు తొట్టిలో పడ్డాయన్న అనుమానానికి తావిస్తుంది.

నాలుకను నమ్మడానికి ముందు దానిని ఏది మోసగిస్తున్నదో తెలుసుకోవాలి. మోరో, బ్రోషే, దుబుర్దియూ అనే ఫ్రెంచి పరిశోధకులు 2001లో ప్రచురించిన ప్రయోగం ప్రసిద్ధమైనది. వాసన లేని ఎర్ర రంగు కలిపిన తెల్ల వైన్‌ను బోర్డో విశ్వవిద్యాలయంలో వైన్ శాస్త్రం చదివే 54 మందికి ఇచ్చారు. వారు దానిని వర్ణించడానికి చాలావరకు ఎర్ర వైన్లకు వాడే మాటలనే వాడారు. కన్ను ముక్కుకు ఏమి చెప్పినదో ముక్కు అదే ఒప్పుకున్నది. సీసా మీది పేరు, ధర కూడా ఇట్లాగే పనిచేస్తాయి. అందుకే సీసాను కప్పివేసి, సంకేత సంఖ్యలు మాత్రం ఇచ్చి, పరీక్షకులు ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా చేసే గుప్త పరీక్షకే విలువ. సీమ వైన్లకు న్యాయం జరిగేది కూడా అక్కడే.

రెండు అభ్యంతరాలు

ఈ విధానం వల్ల మేలే జరిగిందనడం ఏకపక్షం అవుతుంది. 1987లో ఏర్పడిన ‘పేయీ డాక్’ వర్గం ద్రాక్ష రకం పేరును సీసా మీద ముద్రించి, విదేశీ విపణిలో గొప్ప విజయం సాధించినది. ఆ విజయంతోపాటు మెర్లో, షార్దొనే వంటి ప్రపంచమంతటా దొరికే రకాలు స్థానిక రకాల చోటును ఆక్రమించాయి. సీమ పేరు పెట్టుకొని ఏ సీమలోనైనా దొరికే రుచిని అమ్మితే, రైతు పోటీ పడవలసినది పొరుగు ఊరితో కాదు, చిలీతో, ఆస్ట్రేలియాతో. ఆ పోటీలో అతని కూలి ఖర్చు అతనిని ఓడిస్తుంది. ఈ వ్యాసకర్త దృష్టిలో సీమ వైన్ విధానపు పెద్ద బలహీనత ఇదే. మరోవైపు అదే సడలింపు వల్ల మేలు కూడా ఉన్నది. లాంగ్‌డాక్‌లో ఒకప్పుడు 11 శాతం దగ్గర ఉన్న ఆల్కహాలు ఎండలు పెరిగి నేడు 14 శాతానికి చేరుతున్నది. ఇటువంటి పరిస్థితిలో కొత్త రకాల పరీక్షకు ఐజీపీ వర్గమే ముందు తలుపు తెరిచినది. బూజు, బూడిద తెగుళ్లను తట్టుకొనే ఆర్తబాన్, విదోక్, ఫ్లోరియాల్, వోల్టిస్ రకాలు 2018లో నమోదైన తరువాత వాటికి చోటు మొదట ఇటువంటి వర్గాలలోనే దొరికినది. బోర్డో మిశ్రమం పుట్టిన దేశంలోనే దాని వాడకాన్ని తగ్గించే రకాలు ఇవి.

రెండవ అభ్యంతరం మన పాఠకులలో అనేకులకు సహజంగా కలుగుతుంది. మద్యం వల్ల చితికిపోయిన కుటుంబాలను రోజూ చూసే విస్తరణ సిబ్బందికి వైన్ రుచిని గురించి చెప్పడం ఏమి సబబు? ఈ ప్రశ్నను తేలికగా తీసివేయకూడదు. ఆల్కహాలు క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన పరిశోధనా విభాగం 1988లోనే వర్గీకరించినది. ఫ్రాన్సు కూడా 1991 చట్టంతో మద్యం ప్రకటనలను కట్టడి చేసినది. ఈ వ్యాసం ఎవరినీ తాగమని చెప్పడం లేదు, మన మెట్ట రైతును వైన్ ద్రాక్ష వేయమని కూడా చెప్పడం లేదు. ఒక పంట విలువను రుచి ద్వారా నిర్ణయించే క్రమశిక్షణ ప్రపంచంలో ఎక్కడ ఎక్కువగా అభివృద్ధి చెందినదో అక్కడికి వెళ్లి నేర్చుకోమంటున్నది. ఆ పద్ధతి మామిడి రసానికీ, అన్నానికీ వర్తిస్తుంది.

మన విస్తరణ రంగానికి

మన దేశంలో భౌగోళిక సూచికల చట్టం 1999లో వచ్చి, 2003 నుంచి అమలులో ఉన్నది. గుంటూరు సన్నం మిరప, బనగానపల్లె మామిడి, అరకు లోయ అరబికా కాఫీ, తాండూరు కందిపప్పు ఆ గుర్తింపు పొందాయి. ఇది సంతోషించదగినదే. అయితే పేరు నమోదుతో పని పూర్తయినదని భావించే ధోరణి మనలో ఉన్నది. ఈ ఏడాది పెట్టెలోకి వచ్చిన పండు ఆ పేరుకు తగినదా కాదా అని ఎవరు, ఏ పద్ధతిలో చెబుతారు? రసాయనాలతో తొందరపెట్టి మాగించిన పచ్చి కాయ మీద కూడా అదే పేరు ఉంటే, నష్టపోయేది చెట్టు మీద పక్వానికి వచ్చేదాకా ఆగిన రైతే. 1907లో మోంపెలియే వీధులలోకి వచ్చిన రైతు ఫిర్యాదు కూడా అటువంటిదే.

రుచి విపణిని శాసిస్తుందనడానికి మనకు వేరే దేశం సాక్ష్యం అవసరం లేదు. బాపట్ల నుంచి 1986లో విడుదలైన సాంబ మసూరి, అగ్గి తెగులుకు, బాక్టీరియా ఎండాకు తెగులుకు లోనయ్యేదే. అయినప్పటికీ రైతు దానిని విడువలేదు, ఎందుకంటే తినేవారు విడువలేదు. రుచిని నిలుపుకొంటూనే ఎండాకు తెగులు నిరోధకతను జోడించిన రూపం 2008లో విడుదల కావడం సరైన దిశలో పడిన అడుగు. ఇంత అనుభవం ఉండి కూడా, మన రకాల నివేదికలలో దిగుబడికి, పంట కాలానికి, తెగుళ్లకు పట్టికలు ఉంటే, రుచికి తరచుగా ‘బాగున్నది’ అన్న ఒక్క మాట మిగులుతున్నది. ఎవరికి బాగున్నది, దేనితో పోల్చితే బాగున్నది అన్నది తెలియదు.

ఈ పరిస్థితిని మార్చడానికి మూడు పనులు చేయవచ్చు. మొదటిది, భౌగోళిక సూచిక పొందిన ప్రతి పంటకూ ఆ ప్రాంతపు కృషి విజ్ఞాన కేంద్రంలో రైతులు, వ్యాపారులు, గృహిణులు, శాస్త్రవేత్తలతో ఒక రుచి పరీక్షా బృందాన్ని ఏర్పాటుచేసి, ఏటా పంట కాలంలో గుప్త పద్ధతిలో నమూనాలను పరీక్షించాలి. రెండవది, ఆ పరీక్షలకు తెలుగులోనే ఒక పదకోశం రూపొందించాలి. పీచు, జీడి వాసన, జిగురు, కమ్మదనం, కమరు, చప్పన, వగరు వంటి మాటలకు ఒక్కొక్క ప్రామాణిక నమూనాను జతచేస్తే అవి కొలతలుగా పనికివస్తాయి. మూడవది, రైతు తన పంటతోపాటు పక్క ఊరి పంటను కూడా రుచి చూసే సందర్భాలు కల్పించాలి. తన తోట పండును మాత్రమే ఎరిగిన రైతుకు అందులోని గుణం గాని, లోపం గాని తెలియదు. ఫ్రాన్సు సీమ వైన్ రైతులకు సంఘం బల్ల దగ్గర దొరికిన చదువు అదే.

ముగింపు

ఎండిపోయిన తోటలు, కూలిన ధరలు, కాల్పులలో పోయిన ప్రాణాలు, అంటుకట్టే నైపుణ్యం, పరిశోధనా కేంద్రాల శ్రమ, ఇవన్నీ కలిసి ఒక సాధారణమైన సీమ వైన్ సీసాలోకి చేరాయి. దానిని గొప్ప వైన్లకు తీసికట్టని పక్కన పెట్టేవారు ఈ చరిత్రనంతా పోగొట్టుకుంటారు. నేల పేరు రైతు ఇచ్చే మాట. ఆ మాట నిలిచినదో లేదో ప్రతి పంటకాలంలోనూ కొత్తగా చూడవలసినదే. రాబోయే మామిడి కాలంలో మన విద్యార్థులు కనీసం ఒక్క పూట, సంకేత సంఖ్యలు వేసిన పళ్లేల ముందు రైతుల పక్కన కూర్చొని, తమ తీర్పును కాగితం మీద పెట్టగలిగితే ఈ వ్యాసం ఉద్దేశం నెరవేరినట్లే.